కొత్త కలప, పాత బస

జపాన్ నడిభాగంలో, కిసో నది లోయలో, మాగోమె, త్సుమాగో అని రెండు ఊళ్లున్నాయి. మధ్యలో ఒక కనుమ. ఆ ఊరి నుంచి ఈ ఊరికి కాలిబాటన దాదాపు ఎనిమిది కిలోమీటర్లు. అక్టోబరు చివరి నుంచి నవంబరు దాకా ఆ బాట మీద నడిచేవాళ్లు ఎక్కువ. మేపుల్ ఆకులు ఎర్రబడి ఉంటాయి. చూరుల కింద తొక్క తీసిన పెర్సిమన్ పళ్లు దండలుగా ఎండుతుంటాయి. మిఠాయి దుకాణాల్లోకి కొత్త చెస్ట్‌నట్‌లతో చేసిన కురికింతోన్ ఉండలు వస్తాయి. దారి పొడుగునా అక్కడక్కడా గంటలు వేలాడుతుంటాయి. ఎలుగుబంట్లు ఆ చప్పుడు విని దూరంగా పోతాయని నడిచేవాళ్లు వాటిని మోగించుకుంటూ పోతారు. పొద్దుగూకేసరికి ఏదో ఒక ఊళ్లో పాత బస చూసుకుని, చాపల మీద పరుపు పరిపించుకుని పడుకుంటారు. తెల్లారి లేచి, మూడొందల ఏళ్ల నాటి ఊళ్లో నిద్రపోయామని ఇంటికి ఫోన్ చేసి మరీ చెబుతారు.

ఆ మాటలో నిజమెంత?

మాగోమె సంగతి తొందరగానే తేలిపోతుంది. 1895లో ఒకసారి, 1915లో మరోసారి ఊరు తగలబడింది. ఇవాళ అక్కడ కనిపించే ఇళ్లలో చాలావరకు ఆ తర్వాత లేచినవే. ఆధునిక జపాన్ సాహిత్యంలో పెద్దపేరైన షిమజాకి తోసోన్ 1872లో పుట్టిన ఇల్లు కూడా మొదటి మంటల్లోనే పోయింది. ఆ స్థలంలో ఇప్పుడు ఆయన స్మారక భవనం ఉంది. పైగా 2005 ఫిబ్రవరి దాకా మాగోమె నాగానో రాష్ట్రంలో ఉండేది. ఆ నెలలో జరిగిన విలీనంతో పక్కనున్న గిఫు రాష్ట్రానికి వెళ్లిపోయింది. ఇళ్లు మారాయి, రాష్ట్రం మారింది. బాట మాత్రం పాతదే, ఊరు మాత్రం మాగోమెయే.

త్సుమాగో పరిస్థితి వేరు. అయితే దగ్గరికి వెళ్లి స్తంభాలు తట్టి చూస్తే అక్కడి లెక్క ఇంకా పెద్ద చిక్కు.

ఈ రెండూ నకసెన్‌డో అనే పాత రహదారి మీది మజిలీలు. ఎదో, అంటే నేటి టోక్యో, నుంచి క్యోటో దాకా కొండల నడుమగా సాగే ఆ దారిలో మొత్తం 69 మజిలీలు. త్సుమాగో 42వది, మాగోమె 43వది. సామంత ప్రభువులు వంతులవారీగా ఎదోకు వచ్చి దేశాన్ని ఏలే సేనాని షోగన్ కొలువులో ఉండి తీరాలని 1635లో కట్టడి వచ్చాక, వాళ్ల పరివారాల రాకపోకలతో ఇలాంటి మజిలీలకు చేతినిండా పని దొరికింది. ప్రభువులు దిగే ఇల్లు హోంజిన్. అది నిండితే వాకిహోంజిన్. మామూలు జనానికి హతాగోలు, అంటే భోజనం పెట్టి పడక ఇచ్చే పూటకూళ్లిళ్లు. చేతిలో అంత డబ్బు లేనివాళ్లకు మరో రకం బస ఉండేది. బియ్యం తామే తెచ్చుకుని, కట్టెల ఖరీదు మాత్రం ఇచ్చి, వండుకు తిని పడుకునేవాళ్లు. 1688 శరత్తులో హైకూ కవి బాషో ఈ కిసో దారినే పట్టి, ఒబసుతె కొండ దగ్గర పున్నమి చంద్రుణ్ణి చూడడానికి వెళ్లాడు. ఆ ప్రయాణం నుంచే ‘సరషినా కికో’ అనే చిన్న పుస్తకం పుట్టింది. 1861లో షోగన్‌ను పెళ్లాడడానికి క్యోటో నుంచి బయలుదేరిన రాకుమారి కజునోమియా భారీ ఊరేగింపు కూడా ఇటుగానే సాగింది.

ఇప్పుడు బసలోకి వద్దాం. అతిథి చెప్పులు గుమ్మం దగ్గర విప్పి, ఒక మెట్టు పైకెక్కి, నేలలో తవ్విన కుంపటి పక్క కూర్చుంటాడు. చుట్టూ చూపు తిప్పితే అన్నీ పాతవిలాగే ఉంటాయి. తాతమి చాపల పైపొరను కొన్నేళ్లకోసారి మారుస్తారు. జరుపుడు తలుపుల కాగితాన్ని చించేసి కొత్తది అంటిస్తారు. కప్పు మీద పరిచిన చెక్క పలకలు వానకీ మంచుకీ చివికితే తీసేస్తారు. హినోకి, అంటే జపాన్ సైప్రస్, చెక్కతో చేసిన స్నానపు తొట్టి ఎప్పుడూ తడిలో నానేది, దానికీ ఆయుష్షు కొద్దే. దూలాలు మాత్రం పాతవి, పొగ పట్టి నల్లగా నిగనిగలాడుతుంటాయి. స్తంభాలు? నేలకు దగ్గరగా ఉన్న భాగం పుచ్చితే అంతవరకు కోసేసి, కొత్త ముక్కను గాడి పెట్టి అతికించడం జపాన్ వడ్రంగులకు తరతరాలుగా వచ్చిన విద్య. అంటే ఒకే స్తంభానికి పైన ఒక కాలం, కింద ఒక కాలం. దుప్పటి కప్పుకున్న అతిథి పడుకున్నది ఏ కాలపు ఇంట్లో అని అడిగితే, నిజాయితీగా ఒక్క సంవత్సరం పేరు చెప్పడం కష్టం.

ఈ చిక్కు తత్వవేత్తలకు కొత్తది కాదు. గ్రీకు వీరుడు థీసియస్ ఓడను ఏథెన్స్ వాళ్లు దాచుకున్నారని, పుచ్చిన పలకనల్లా తీసి కొత్తది వేస్తూ పోయారని, అది ఇంకా అదే ఓడేనా కాదా అని పండితులు వాదించుకున్నారని ప్లూటార్క్ రాశాడు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన థామస్ హాబ్స్ దానికి ఇంకో మెలిక పెట్టాడు. తీసేసిన పాత పలకలన్నీ ఎవరో పోగుచేసి, మళ్లీ అదే వరసలో కట్టి రెండో ఓడ తయారుచేస్తే? రెండింటిలో థీసియస్ ఓడ ఏది?

అదే ప్రశ్నను బౌద్ధులు ఒక గ్రీకు రాజు ఎదుటే పెట్టారు. క్రీ.పూ. రెండో శతాబ్దంలో వాయవ్య భారతాన్ని ఏలిన మినాండర్, పాలీ గ్రంథాల్లో మిళిందుడు. ఆయనకూ నాగసేనుడనే భిక్షువుకూ జరిగిన సంభాషణే ‘మిళింద పన్హ’. రాజు రథమెక్కి వచ్చాడు. ఆ రథంలో ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని నాగసేనుడు ఒక్కొక్కటే అడుగుతూ పోయాడు. ఏదీ కాదు. అన్నీ కలిపిన కుప్ప కూడా కాదు. అలాగని రథం లేదంటే రాజు నడిచి రావాల్సిందే కదా! భాగాలు ఒక తీరుగా కూడి పనిచేస్తున్నప్పుడు జనం వాడుకునే పేరు రథం. దాని లోపల ‘రథత్వం’ అనే మారని ముద్ద ఏదీ దాగి లేదు. మనిషి సంగతీ అంతేనని భిక్షువు తీర్మానం. గ్రీకుల దగ్గర ఓడ గురించిన తర్కంగా ఉన్నది బౌద్ధుల చేతిలో ‘నేను ఎవరు’ అన్న ప్రశ్నగా మారింది.

త్సుమాగో చరిత్రకు ఈ కొలత పెట్టి చూడాలి. షోగన్ల పాలన ముగిశాక వచ్చిన మెయిజీ కాలంలో పాత మజిలీల వ్యవస్థ రద్దయింది. 1911లో చువో రైలుమార్గం కిసో లోయ గుండా పూర్తయింది. రైలు త్సుమాగోను తాకకుండా పోయింది. బాటసారులు లేని మజిలీకి బతుకేముంటుంది? హోంజిన్‌ను అప్పటికే విప్పేశారు. యువకులు ఊరు విడిచారు. కొత్త ఇళ్లు కట్టే స్తోమత లేకపోవడమే పాత ఇళ్లను కాపాడింది. 1968లో నాగానో రాష్ట్ర సాయంతో, తెరాషిత అనే వాడ నుంచి ఇళ్ల మరమ్మతు మొదలైంది. 1971లో ఊరివాళ్లంతా కూడి ఒక ఒడంబడిక రాసుకున్నారు. అందులో మూడు నియమాలు: అమ్మం, అద్దెకివ్వం, కూల్చం. విద్యుత్ తీగలు కంటికి కనిపించకుండా చేశారు. పగటిపూట నడివీధిలోకి కార్లు రాకుండా ఆపారు. సాంస్కృతిక సంపద రక్షణ చట్టాన్ని సవరించాక 1976లో జపాన్ ప్రభుత్వం ఎంపికచేసిన మొట్టమొదటి సంరక్షిత ప్రాంతాల జాబితాలో త్సుమాగోకు చోటు దక్కింది.

సందర్శకులు ఎక్కువసేపు నిలబడి చూసే రెండు ఇళ్లను గమనిస్తే కథ ఇంకా రక్తి కడుతుంది. విప్పేసిన హోంజిన్‌ను ఎదో కాలపు పటాల ఆధారంగా 1995లో మళ్లీ కట్టారు. వయసు లెక్క వేస్తే అది చాలామంది సందర్శకుల కన్నా చిన్నది. రెండోది, ఓకుయా అనే వాకిహోంజిన్. 1877 నాటి కట్టడం. షోగన్ల కాలం పోయాక, మెయిజీ యుగంలో కట్టింది. అంత ఆలస్యంగా కట్టడానికీ, అంత దర్జాగా కట్టడానికీ ఒకటే కారణం. కిసో అడవుల్లోని హినోకితో సహా ఐదు రకాల చెట్లను మామూలు జనం కొట్టకుండా, ఆ అడవులను ఏలిన ఒవారి ప్రభువులు కఠినమైన నిషేధం పెట్టారు. చెట్టుకు తల బదులు అన్నంత కఠినం. కలప దొంగరవాణాను పట్టుకోవడానికి దారిలో తనిఖీ కాపలా ఉండేది. మాగోమె కనుమ దిగి వచ్చేటప్పుడు ఆ కాపలా చోటు ఇప్పటికీ తగులుతుంది. దాని దగ్గరే ఉన్న పాత విడిదిలో నడిచేవాళ్లకు ఉచితంగా తేనీరు పోస్తారు. కొత్త ప్రభుత్వం వచ్చి నిషేధం పోయాక, ఓకుయా యజమానులు ఇంటి నిండా హినోకి వాడి ముచ్చట తీర్చుకున్నారు. 1880లో మెయిజీ చక్రవర్తి అక్కడ ఆగి సేదతీరాడు. అంటే ఎదో కాలాన్ని చూడ్డానికి వచ్చిన యాత్రికుడు ఎదో కాలంలో కట్టనివ్వని ఇంటిని చూసి మురిసిపోతాడన్నమాట.

అడవి మాట వచ్చింది కాబట్టి ఇసె గురించి చెప్పుకోవాలి. షింటో మతంలో అత్యంత పవిత్రమైన ఇసె మహామందిరాన్ని ఇరవై ఏళ్లకోసారి పక్కనున్న ఖాళీ స్థలంలో మొత్తం కొత్తగా కడతారు. దేవతను అందులోకి తరలించి, పాతదాన్ని విప్పేస్తారు. 690లో జితో మహారాణి కాలంలో మొదలైన ఆ ఆచారం 2013కు 62వ సారి పూర్తయింది. తర్వాతది 2033లో. అందుకు కావలసిన హినోకి మానులలో ముఖ్యమైనవి ఈ కిసో కొండల నుంచే వెళతాయి. 62వ నిర్మాణానికి 2005లో అగెమత్సు అడవిలో పూజచేసి, గొడ్డళ్లతో తొలి చెట్లు పడగొట్టారు. ఇక హాబ్స్ ఊహించిన రెండో ఓడ ఇక్కడ నిజంగానే ఉంది. పాత మందిరంలో దూలాన్ని మోసిన స్తంభాలు మందిరానికి దారితీసే ఉజి వంతెన దగ్గరి తోరణాలవుతాయి. ఇంకో ఇరవై ఏళ్లకు అక్కణ్ణుంచి కువానా, సెకి ఊళ్లలో పాత రహదారి మీది తోరణాలుగా వెళతాయి. ఎక్కడికి వెళ్లినా వాటిని ఎవరూ ‘అసలు ఇసె మందిరం’ అనరు. మందిరం ఎప్పుడూ కొత్త కలపలోనే ఉంటుంది.

పదిహేనో శతాబ్దం నుంచి పదహారో శతాబ్దం దాకా సాగిన అంతర్యుద్ధాల్లో ఈ క్రమం 120 ఏళ్లకు పైగా ఆగిపోయింది. ఆ తర్వాత మళ్లీ అందుకున్నారు. తెగిన దారాన్ని ముడివేసినా అది అదే దారం అని అందరూ ఒప్పుకున్నారు.

యూరప్ పద్ధతికి ఇది మింగుడుపడేది కాదు. పాత కట్టడాల సంరక్షణ మీద వచ్చిన 1964 నాటి వెనిస్ ప్రకటన రాతికట్టడాలను మనసులో పెట్టుకుని రాసింది. ఆ లెక్కలో అసలు పదార్థమే సాక్ష్యం. దాన్ని మార్చితే చరిత్ర చెరిగినట్టే. చెక్కతో, మట్టితో, గడ్డితో కట్టుకునే దేశాలకు ఆ కొలమానం సరిపోలేదు. 1994 నవంబరులో నారా నగరంలో నిపుణులు కూర్చుని ఒక పత్రం తయారుచేశారు. కట్టడం అసలుదా కాదా అన్నది పదార్థాన్ని బట్టే కాక, రూపాన్ని, వాడుకను, పనితనాన్ని, ఆచారాన్ని బట్టి కూడా, ఆయా సంస్కృతుల దృష్టితో చూసి తేల్చాలని అందులో ఒప్పుకున్నారు. వడ్రంగులకు తెలిసిందే తర్వాత పండితుల పత్రంలోకి ఎక్కింది.

అయినా దీని వెనకున్న తర్కాన్ని అందరికన్నా లోతుగా తవ్వినవాడు జపాన్‌వాడు కాదు. అక్కడి బౌద్ధులు ఆయన్ను ర్యూజు అంటారు, ఎనిమిది సంప్రదాయాలకు మూలగురువుగా కొలుస్తారు. జపాన్ బౌద్ధ గురువు షిన్రాన్ తన సంప్రదాయానికి ఎంచిన ఏడుగురు ఆచార్యుల్లోనూ మొదటివాడు ఆయనే. తెలుగువాళ్లకు ఆయన ఆచార్య నాగార్జునుడు. శాతవాహన రాజుకు స్నేహితుడని, కృష్ణాతీరంలోని శ్రీపర్వతం మీద ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన ‘మూలమధ్యమక కారిక’ను అనువాదకుడు కుమారజీవుడు 409లో చైనా భాషలోకి తెచ్చాడు. ఆ దారిలోనే అది జపాన్ చేరింది. ఆయన వాదన సూటిగా చెప్పుకుంటే ఇది: ఏ వస్తువుకూ తనకు తానుగా నిలిచే స్వభావం లేదు, ప్రతిదీ ఇతర కారణాల మీద ఆధారపడి ఉంది. దీన్నే శూన్యత అన్నాడు. అలాగైతే లోకంలో ఏదీ నిలవదు కదా అని ప్రత్యర్థులు గొడవపడ్డారు. ఆయన వాళ్ల వాదాన్నే తిప్పికొట్టాడు. మారని స్వభావం ఉంటేనే ఏదీ పుట్టలేదు, పెరగలేదు, బాగుపడలేదు. లేనందువల్లే అన్నీ సాధ్యమవుతున్నాయి.

ఈ మాట పాత బసకు అక్షరాలా వర్తిస్తుంది. ఆ ఇంటికి మారని సారం ఏదైనా ఉండి, అది ఫలానా స్తంభంలో ఉందనుకుంటే, పుచ్చిన రోజున ఇల్లు చచ్చిపోయినట్టే. అలాంటి సారం లేదు కాబట్టే మరమ్మతుకు అర్థముంది. చేతులు మారడానికి వీలుంది. వందల చలికాలాలు దాటడానికి దారి ఉంది.

నాగార్జునుడి పేరుతో ఉన్న కొండే ఈ సమస్యను తలకిందులుగా చూపిస్తుంది. ఇక్ష్వాకుల విజయపురి లోయలో 1954 నుంచి 1960 దాకా పెద్దఎత్తున తవ్వకాలు జరిగాయి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన అయింది, లోయ మునగక తప్పదు. కొన్ని కట్టడాలను ఇటుక ఇటుకా రాయి రాయీ విప్పి కొండ మీద, మరికొన్నింటిని అనుపు దగ్గర తిరిగి నిలిపారు. ఇసెలో చోటు పక్కపక్కనే, పదార్థం కొత్తది. ఇక్కడ పదార్థం పాతది, చోటు నీళ్ల కింద. అక్కడ ఆచారం ఇవాళ్టికీ సాగుతోంది, ఇక్కడ భిక్షువులు వెళ్లిపోయి ఎన్నో శతాబ్దాలైంది. ఆ లోయలో దొరికిన మూడో శతాబ్దపు శాసనం ఒకటి ఉంది. బోధిసిరి అనే ఉపాసిక దూరదేశాల్లో ధర్మం చాటిన సింహళపు ఆచార్యుల కోసం చేయించిన కట్టడాలను అది పేర్కొంటుంది. ఆ దేశాల వరసలో చీనా పేరు కూడా ఉంది. దూరాన్నుంచి వచ్చినవాళ్లకు నీడ ఇవ్వడం కోసమే కట్టిన చోట్లు అవి. రాళ్లను కాపాడుకున్నాం. దాని విలువ దానికుంది. కానీ విహారం చేసే పని, వచ్చినవాణ్ణి లోపలికి రమ్మనే పని, వాటిలో మిగల్లేదు. అందుకే అది పురావస్తువు. ఒక్క పలకైనా పాతది లేని ఇసె మందిరం పురావస్తువు కాదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. పదార్థం ముఖ్యం కాకపోతే సినిమా సెట్టుకీ త్సుమాగోకూ తేడా ఏమిటి? ఎవరైనా డబ్బున్నవాడు టోక్యో శివారులో పాత మజిలీని అచ్చుగుద్దినట్టు కట్టి, కుంపటి రాజేసి, పెర్సిమన్ దండలు వేలాడదీస్తే అదీ పాత బస కావాలి కదా?

కాదు. ఎందుకు కాదో మిళిందుడి కథలోనే ఉంది. ఒకడు ఎవరి తోటలోనో మామిడిపళ్లు దొంగిలించి దొరికిపోయాడు. రాజు ముందు వాడి వాదన ఏమిటంటే, ఈయన నాటింది టెంకలు, నేను కోసింది పళ్లు, రెండూ వేరువేరు, కాబట్టి నేరం లేదు. శిక్ష తప్పుతుందా అని నాగసేనుడు అడిగాడు. తప్పదని రాజే అన్నాడు. పండు టెంక కాదు, కానీ టెంక లేకుండా పండు లేదు. ఒకటి ఇంకొకదానికి కారణమై సాగిన గొలుసు ఉంది. ఆ గొలుసే బాధ్యతను మోసుకొస్తుంది. వస్తువు ‘అదే’ అని చెప్పడానికి లోపల మారని ముద్ద అక్కర్లేదు. నిన్నటి పనికి ఇవాళ జవాబు చెప్పేవాడు ఉంటే చాలు.

సెట్టులో ఆ జవాబుదారీ లేదు. అది దేని నుంచీ రాలేదు, రేపు పీకేస్తే ఎవరికీ మాట తప్పినట్టు కాదు. త్సుమాగోలో పుచ్చిన పలక మార్చేవాడు తండ్రి చేసిన పనికి కొనసాగింపు చేస్తున్నాడు, పక్కింటివాడికి 1971లో ఇచ్చిన మాట నిలబెడుతున్నాడు. మూడు నియమాల్లో ఒక్కటైనా కలప గురించి కాదు, మూడూ మనుషులు ఏం చేయకూడదన్నదాని గురించే. మాగోమె కూడా ఈ లెక్కలో నెగ్గుతుంది. కాలిన మర్నాడు అదే వాలు మీద, అదే బాట పక్కన మళ్లీ కట్టడానికి పూనుకున్నది అక్కడివాళ్లే.

ఇల్లు ఇలా ఉంటే ఇంటివాడి మాటేమిటి? ఇషికావా ప్రాంతపు అవాజు వేడినీటి బుగ్గల దగ్గర హోషి అనే బస ఉంది. 718లో మొదలైందని వాళ్ల కుటుంబ చరిత్ర. ఇప్పటికి నలభై ఆరు తరాలని లెక్క చెబుతారు. అక్కడ పెద్దరికం స్వీకరించిన ప్రతివాడూ జెంగొరో అన్న పేరు తీసుకుంటాడు. తన పేరు పక్కన పెట్టి ఇంటి పేరులోకి ప్రవేశిస్తాడు. జపాన్‌లో పాత వ్యాపార కుటుంబాల్లో కొడుకు లేనప్పుడు, ఉన్నా చేతగానివాడైనప్పుడు, అల్లుణ్ణి దత్తత చేసుకుని ఇల్లు అప్పగించడం పరిపాటి. మనవైపు ఇల్లరికపు అల్లుడు ఎరగనివాడు కాదు, అయితే అక్కడ ఇంటిపేరు కూడా మార్చుకుని పూర్తిగా ఆ ఇంటివాడైపోతాడు. రక్తం తెగినా తరం తెగదు. స్తంభానికి కొత్త ముక్క అతికే వడ్రంగి, కొత్త మనిషిని వంశానికి అతికే ఇంటిపెద్ద, ఇద్దరి తర్కమూ ఒకటే.

అయితే ఈ ధోరణిలో పోతే ఇంటిమీద మమకారం పెంచుకోవడమే ధర్మమైపోదా అని ఒక బౌద్ధుడు అడగవచ్చు. దానికీ జపాన్ సాహిత్యంలో ప్రసిద్ధమైన ఘట్టం ఉంది. కవి, సన్యాసి సైగ్యో (1118-1190) ఒకసారి ఎగుచి అనే రేవులో వాన పడుతుంటే ఒక వేశ్య ఇంటి ముందు నిలబడి రాత్రికి చోటు అడిగాడు. ఆమె ఇవ్వలేదు. చిన్నబుచ్చుకుని ఆయన ఒక పద్యం చెబితే ఆమె బదులు పద్యం చెప్పింది. లోకమే తాత్కాలికమని వదిలి వచ్చిన మనిషికి, ఒక్క రాత్రి బస మీద ఈ ఆశ దేనికన్నది ఆమె ఎత్తిపొడుపు సారాంశం. 1205 నాటి ‘షిన్ కొకిన్‌షూ’ సంకలనంలో ఈ ఇద్దరి పద్యాలూ పక్కపక్కనే చేర్చారు. తర్వాత ‘ఎగుచి’ అనే నో నాటకంలో ఆ స్త్రీయే బోధిసత్త్వ రూపంలో దర్శనమిస్తుంది. సన్యాసికి పాఠం చెప్పింది బసలో ఉన్న మనిషి, బస అడిగినవాడు కాదు.

సైగ్యో కథ అతిథికి ఒక హద్దు గీస్తుంది. బస అతనిది కాదు, ఒక రాత్రికి అరువు. ఆ హద్దు ఇంటివాడికీ వర్తిస్తుంది. జెంగొరో కూడా ఆ పేరును తన కాలం తీరేదాకా అరువు తీసుకున్నవాడే. అతిథిది ఒక రాత్రి, ఆయనది ముప్ఫయ్యో నలభయ్యో ఏళ్లు. ఇంటిని తనదనుకున్నవాడు అమ్ముకోవచ్చు, కూల్చుకోవచ్చు. అప్పగింతగా దొరికిందనుకున్నవాడు ఆ రెండూ చేయలేడు. త్సుమాగో ఒడంబడికలో ‘అమ్మం’ అన్న మాట ఆస్తి మీద పట్టుకు గుర్తులా కనిపించినా, పని చేసేది పట్టును సడలించే పనే. సొంత ఇంటి మీద యజమాని తన హక్కులో ముఖ్యమైన భాగాన్ని ఊరికి ధారపోశాడు.

ఇప్పుడు ఆ ఊరి ముందున్న ఇబ్బంది వేరు. ఏటా నవంబరు 23న పాతకాలపు దుస్తులు వేసుకుని త్సుమాగో వీధిలో ఊరేగింపు తీస్తారు. ఆ రోజు వీధి కిటకిటలాడుతుంది. కానీ జపాన్ పల్లెలన్నిటికీ పట్టుకున్న ముసలితనం, ఖాళీ ఇళ్లు కిసో లోయను వదిలిపెట్టలేదు. పిల్లలు నగోయాలోనో టోక్యోలోనో స్థిరపడితే, పొద్దున్నే లేచి అన్నం వార్చి, పరుపులు మడిచి, అతిథులను సాగనంపే పని ఎవరు చేస్తారు? ‘అద్దెకివ్వం’ అన్న నియమాన్ని అక్షరాలా పట్టుకుంటే తాళం పడిన ఇల్లు కొన్ని చలికాలాల్లో తనంతట తానే కూలుతుంది. అప్పుడు ‘కూల్చం’ అన్నది చెడినట్టే. బయటివాడికి ఇస్తే మొదటి రెండూ చెడతాయి.

యమనాషి కొండల్లోని కెయున్‌కాన్ అనే బసకు ఈ పరీక్ష ముందే ఎదురైంది. 705లో మొదలైందని చెప్పుకునే ఆ వేడినీటి బసను ప్రపంచంలోకెల్లా పాత హోటల్‌గా గిన్నిస్ 2011లో నమోదు చేసింది. యాభైకి పైగా తరాలుగా కుటుంబం చేతుల్లో ఉన్నదాన్ని 2017లో, వారసులు లేక, అక్కడే ఏళ్ల తరబడి పనిచేసిన రక్తసంబంధం లేని ఉద్యోగికి అప్పగించారు. వంశవృక్షం గీసేవాళ్లకు అది తెగిన కొమ్మ. నాగసేనుడి లెక్క ప్రకారం చూస్తే ఆ మనిషి వంటిల్లు, బుగ్గ, పనివాళ్లు, వచ్చే అతిథులు, అన్నిటి బాధ్యతా నిన్న ఎవరి దగ్గర నేర్చాడో వాళ్ల పనినే మోస్తున్నాడు. త్సుమాగోవాళ్లు కూడా ఏదో ఒక రోజు తమ మూడు నియమాల్లో దేన్ని ముందు వదులుకోవాలో కూర్చుని తేల్చుకోవలసి రావచ్చు. అప్పుడు ‘అద్దెకివ్వం’ అన్నది పోయి, కుంపటి రాజేసే మనిషి మిగిలితే, ఆ ఊరిని పాత త్సుమాగో కాదనడానికి నాగార్జునుడి దగ్గర గానీ, ఇసె వడ్రంగుల దగ్గర గానీ ఏ ఆధారమూ దొరకదు. ఇళ్లన్నీ చెక్కు చెదరక, లోపల ఎవరూ లేకపోతే మాత్రం, దాన్ని అదే ఊరనడానికి ఆధారం ఎక్కడ వెతకాలో తెలియదు.